కాంటొనీస్, ఎస్పెరాంటో: అపోహలు - వాస్తవాలు

భాషలు నేర్పడం నా పని. కాంటొనీస్, ఎస్పెరాంటో రెండూ నేర్పిస్తాను. మొదటిది దక్షిణ చైనాలో వందల ఏళ్లుగా జనం నోళ్లలో పెరిగింది. రెండోది 1887లో వార్సాలో ఒక చిన్న పుస్తకంగా అచ్చయింది, ఆ భాషని తయారుచేసి రాసినాయన జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు. ఇంత తేడా ఉన్నా రెండింటినీ ఒకే ప్రశ్న వెంటాడుతుంది: "అసలు అది భాషేనా?" ఒకదాన్ని యాస అని, ఇంకోదాన్ని కృత్రిమం అని కొట్టిపారేస్తారు. నాకు ఇది బాధగానే ఉంటుంది.

అపోహ: కాంటొనీస్ అంటే చైనీస్‌లో ఒక యాస, అంతే.

వాస్తవం: శ్రీకాకుళం మనిషి, ఆదిలాబాద్ మనిషి ఎదురుపడితే కాస్త తడబడినా మాట్లాడుకుంటారు. అది యాస. చైనా అధికార భాష మాండరిన్ మాత్రమే వచ్చిన బీజింగ్ మనిషికి దక్షిణాన ఉన్న గ్వాంగ్‌జౌ వాళ్ల కాంటొనీస్ వింటే అర్థం కాదు. "అతను" అనడానికి అక్కడ తా, ఇక్కడ ఖొయ్. "కాదు" అనడానికి అక్కడ పు, ఇక్కడ పెదాలు మూసి పలికే ఒట్టి మ్. కాంటొనీస్‌నీ దాని దగ్గరి యాసలనీ కలిపితే మాట్లాడేవాళ్లు 8 కోట్లకు పైనే. హాంకాంగ్‌లో పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి రోజువారీ మాట ఇదే.

అన్నట్టు, కాంటొనీస్ ఒక్క ఓటు తేడాతో చైనా జాతీయ భాష కాకుండా పోయిందనే కథ కూడా బాగా తిరుగుతుంటుంది. అలాంటి ఓటింగ్ జరగలేదు. 1913లో బీజింగ్‌లో కూర్చున్న కమిటీ ఓట్లు వేసింది ఏ అక్షరాన్ని ఎలా పలకాలన్న దాని మీద.

అపోహ: కాంటొనీస్ మాట్లాడటానికే, రాయడానికి లేదు.

వాస్తవం: ఉంది. హాంకాంగ్ వాళ్ల చాటింగ్‌లో, ప్రకటనల్లో, కామిక్స్‌లో రోజూ కనబడుతుంది. మాండరిన్‌లో లేని మాటల కోసం ప్రత్యేకమైన అక్షరాలు కూడా ఉన్నాయి. అయితే బడిలో రాయడం నేర్పేది మాండరిన్ మీద ఆధారపడిన ప్రామాణిక చైనీస్. పిల్లలు దాన్నే కాంటొనీస్ ఉచ్చారణతో పైకి చదువుతారు. గిడుగు రామమూర్తి ఎందుకు పోరాడారో తెలిసిన మనకు ఈ ఇబ్బంది చెప్పకుండానే అర్థమవుతుంది.

దీని ఫలితం చూడండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి ఎస్పెరాంటో 2012లోనే వచ్చింది. కోట్ల మంది మాట్లాడే కాంటొనీస్ 2024 దాకా ఆగాల్సి వచ్చింది. రాతలో కాంటొనీస్, మాండరిన్ కలగలిసిపోవడంతో మెషీన్‌కి నేర్పడానికి విడిగా పాఠాలు దొరకడం కష్టమైంది.

అపోహ: కాంటొనీస్ స్వరాలు (మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు) పట్టుకోవాలంటే సంగీతం వచ్చి ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. పుస్తకాల్లో తొమ్మిది స్వరాలని చూసి టెన్షన్ పడతారు గానీ, నిజానికి వేరువేరుగా వినిపించే స్థాయిలు ఆరే. ప్, త్, క్‌లతో ముగిసే మాటలను విడిగా లెక్కించడం వల్ల ఆ తొమ్మిది వచ్చింది. "సీ" అనే ఒక్క శబ్దాన్ని ఆరు రకాలుగా పలికితే కవిత్వం, చరిత్ర, ప్రయత్నం, సమయం, బజారు, విషయం అని ఆరు అర్థాలొస్తాయి. అందుకే మాటని, స్వరాన్ని విడదీయకుండా ఒకేసారి నోటికి పట్టించాలి.

తెలుగువాళ్లు తడబడేది స్వరాల కన్నా మాట చివర. "సప్" అంటే పది. పెదాలు మూసి, గాలి వదలకుండా అక్కడికక్కడే ఆపెయ్యాలి. మనవాళ్లు అలవాటు కొద్దీ "సప్పు" అనేస్తారు. కానీ ఒక చోట మనకి లాభం ఉంది. కాంటొనీస్ మాటల్లో ఇంగ్లీషు లిపిలో బి అని రాసి ఉన్నది నిజానికి మన ప, పి అని రాసి ఉన్నది ఒత్తి పలికే ప. అల్పప్రాణం, మహాప్రాణం అని చిన్నప్పుడు దిద్దినవాళ్లకు ఈ తేడా చెబితే వెంటనే పట్టేస్తారు.

వాక్యం చివర తగిలించే చిన్న మాటలు కూడా మనకి కొత్త కాదు. "హయ్ ఆ" అంటే అవును. "హయ్ మే?" అంటే "అవునా, నిజమా!" అని ఆశ్చర్యం. మనం కదా, లే, మరి అన్నట్టే. ఎస్పెరాంటోలో అయితే అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నకి "చు" అనే మాట వాక్యం మొదట్లోనే వస్తుంది.

అపోహ: కాంటొనీస్‌కి వ్యాకరణం లేదు.

వాస్తవం: క్రియకి రూపాలు మారవు, అంతే. నేను తిన్నా, వాళ్లు తిన్నా "సిక్". పని అయిపోతే వెనకాల "చో" (చాపలోని చ), జరుగుతుంటే "కన్" చేరుతుంది. వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు మాత్రం పుస్తకాలకు ఒక మాట, జంతువులకు ఒక మాట అంకెకీ పేరుకీ మధ్యలో రావాలి. అది తప్పితే వెంటనే దొరికిపోతాం.

అపోహ: ఎస్పెరాంటో ఎవరి మాతృభాషా కాదు, ఎప్పుడో చచ్చిపోయింది.

వాస్తవం: ఎస్పెరాంటో మాట్లాడే జంటలకు పుట్టి, ఇంట్లోనే నేర్చుకున్న పిల్లలున్నారు. ఇలాంటివాళ్లు వెయ్యి మంది దాకా ఉంటారని అంచనా. మొత్తం మాట్లాడేవాళ్ల లెక్క కొన్ని పదుల వేల నుంచి 20 లక్షల దాకా రకరకాలుగా చెబుతారు. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో మొదలైన ప్రపంచ మహాసభలు ప్రపంచ యుద్ధాలప్పుడు ఆగినా మళ్లీ నిలదొక్కుకున్నాయి. బీజింగ్ నుంచి 1950లో ఎస్పెరాంటో పత్రిక మొదలైంది. ఈ భాషకు ప్రాణాలతో మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. స్టాలిన్ కాలంలో ఎస్పెరాంటో కార్యకర్తల్ని అరెస్టు చేశారు, చంపారు. జామెన్‌హాఫ్ కూతురు లిదియా 1942లో త్రెబ్లింకా మరణ శిబిరంలో నాజీల చేతుల్లో చనిపోయారు. ఇంత జరిగిన భాషని ఉత్త కోడ్ అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఎస్పెరాంటో అందరికీ ఒకేలా సులువు.

వాస్తవం: కాదు. పదాలు ఎక్కువగా లాటిన్, ఫ్రెంచ్, జర్మన్ మూలాలవి. ఇటలీ మనిషికి సగం తెలిసినట్టే ఉంటుంది, మనం కంఠస్థం చెయ్యాలి. కాకపోతే ఒక మాట వస్తే పది వస్తాయి. "సాన" అంటే ఆరోగ్యంగా ఉన్న, "మాల్‌సాన" అంటే జబ్బుగా ఉన్న, "మాల్‌సానులో" రోగి, "మాల్‌సానులేయో" ఆసుపత్రి. మినహాయింపుల్లేవు.

ఇక్కడా తెలుగువాళ్లకంటూ ఒక తప్పు ఉంది. కర్మకి చివర న్ చేరాలి, మన ని, ను లాగా. "కుక్కని చూశాను" అనేవాళ్లం కాబట్టి "హుందోన్" తేలిగ్గానే వస్తుంది. కానీ మనం "పుస్తకం చదివాను" అంటాం, ని పెట్టం. అందుకే "లిబ్రోన్" అనాల్సిన చోట "లిబ్రో" అని వదిలేస్తారు. ప్రాణం లేని వస్తువైనా ఆ న్ ఉండాల్సిందే.

రెండింట్లో ఏది నేర్చుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేదిది. హాంకాంగ్‌లో ఉద్యోగమైతే కాంటొనీస్ మాటతో మొదలుపెట్టండి, అక్షరాలు తర్వాత. ముందు అంకెలు, బజారు మాటలు స్వరంతో సహా పట్టండి. ఎస్పెరాంటోకి వ్యాకరణం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది, మాట్లాడే మనుషుల్ని మాత్రం మీరే వెతుక్కోవాలి. ఆన్‌లైన్‌లో ఒక బృందంలో చేరాకే పాఠాలు మొదలుపెట్టండి.