గుచ్చితే వంగిపోయే స్ట్రా

పది రూపాయల మామిడి జ్యూస్ ప్యాకెట్, మజ్జిగ ప్యాకెట్... స్ట్రా వెనకాల అతికించి వచ్చేవి ఏవైనా సరే, 2022 జులై తర్వాత వాటితో పిల్లలకు తిప్పలు మొదలయ్యాయి. కాగితం స్ట్రాని ఆ వెండిరంగు చుక్క మీద పెట్టి నొక్కితే రేకు చిరగదు, స్ట్రా మొనే చితికిపోతుంది. రెండోసారి నొక్కితే నడుము దగ్గర మడత పడుతుంది. చివరికి అమ్మ పిన్నీసుతోనో బండి తాళంచెవితోనో పొడిచి ఇవ్వాలి. సగం తాగేసరికి నోట్లో ఉన్న కొస నానిపోయి, ఎంత పీల్చినా జ్యూస్ పైకి రాదు. పర్యావరణం పేరు చెప్పి మనల్ని ఎందుకిలా విసిగిస్తారు అనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. ఆ విసుగు న్యాయమైనదే. అది ఎందుకొస్తుందో చెప్పడానికి కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం సరిపోతాయి.

ముందు ప్లాస్టిక్ స్ట్రాల నిషేధం సంగతి. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించింది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, ఐస్‌క్రీం పుల్లలు, ఇయర్‌బడ్ పుల్లలు, స్ట్రాలు నిషేధంలోకి వచ్చాయి. ఉపయోగం తక్కువగా ఉండి, చెత్తగా చెల్లాచెదురయ్యే అవకాశం ఎక్కువున్న వస్తువుల్ని ఎంచి పెట్టిన జాబితా అది. స్ట్రా అందులో ఉండాల్సిందే. దాని బరువు అర గ్రాము కూడా ఉండదు. చెత్త ఏరుకునేవాళ్లకు డబ్బు తూకం మీద వస్తుంది కాబట్టి నీళ్ల బాటిల్ కనిపిస్తే తీసుకుంటారు, స్ట్రా కోసం నడుం వంచరు. వానొస్తే అది మోరీలోకి, అక్కణ్నుంచి చెరువులోకో నదిలోకో పోతుంది. గడువు పెంచమని పానీయాల కంపెనీలు గట్టిగానే అడిగాయి, కేంద్రం ఒప్పుకోలేదు. ఆ హడావుడిలో జరిగిందేమిటంటే, ప్యాకెట్ అలాగే ఉంది, స్ట్రా ఆకారం అలాగే ఉంది, పదార్థం ఒక్కటే మారింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

సన్నటి పొడవాటి గొట్టాన్ని కొస మీద నొక్కితే కొంత ఒత్తిడి దాకా నిటారుగా నిలుస్తుంది, అది దాటగానే ఒక్కసారిగా పక్కకు వంగిపోతుంది. ఈ లెక్కను 18వ శతాబ్దంలోనే గణిత శాస్త్రవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ తేల్చాడు. పొడవు రెట్టింపైతే గొట్టం తట్టుకునే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే స్ట్రాని పై చివర కాకుండా మొనకు దగ్గరగా, వేళ్ల కింద ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే కనిపించేలా పట్టుకుని గుచ్చితే చాలాసార్లు పని అవుతుంది. నిజానికి పొడి కాగితం గట్టిదే. తేడా మొన దగ్గరుంది. ప్లాస్టిక్ స్ట్రాని ఏటవాలుగా కోస్తే ఒకే ముక్కగా ఉన్న పదునైన అంచు వస్తుంది. కాగితం స్ట్రా అంటే జిగురుతో ఒకదాని మీద ఒకటి చుట్టిన కాగితం పొరలు. కోసిన చోట ఆ పొరలు తేలి ఉంటాయి, నొక్కగానే విడిపోతాయి. ఎదురుగా ఉన్నదేమో అల్యూమినియం రేకుతో కలిసిన పాలిథిన్ పొర. పాలిథిన్ తెగే ముందు సాగుతుంది. సాగేదాన్ని చీల్చాలంటే పదును కావాలి, కాగితానికి లేనిదే అది.

ఇక నానడం. కాగితంలో సెల్యులోజ్ పీచుల్ని (మొక్కల నుంచి వచ్చే పీచు) పట్టి ఉంచేవి ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలు, అంటే అణువుల మధ్య ఉండే ఒక రకం ఆకర్షణ. నీటి అణువు కూడా అదే రకం బంధాలు కట్టగలదు. పీచుకీ పీచుకీ మధ్యన దూరి, ఒకదాన్నొకటి పట్టుకున్న చోట్లను తనే ఆక్రమిస్తుంది. ఏ పూతా లేని కాగితం పూర్తిగా తడిస్తే పొడిగా ఉన్నప్పటి బలంలో పదో వంతు కూడా మిగలదు. స్ట్రా తయారుచేసేవాళ్లు కాగితానికి నీటిని దరిచేరనివ్వని రసాయనాలు పట్టిస్తారు కాబట్టి కాసేపు ఆగుతుంది. కానీ గొట్టాన్ని కోసిన అంచు దగ్గర పీచులు బయటపడి ఉంటాయి. నీరు కేశనాళిక చర్యతో, అంటే సన్నటి సందుల్లోకి తనంతట తానే ఎక్కే గుణంతో, అక్కడినుంచి పైకి పాకుతుంది. జ్యూస్‌లో మునిగిన కొస, నోట్లో ఉన్న కొస ముందుగా పాడయ్యేది అందుకే. మనం పీల్చినప్పుడు లోపల గాలి పీడనం తగ్గి, బయటి గాలి గోడల్ని లోపలికి నొక్కుతుంది. మెత్తబడిన గోడలు అంటుకుపోతాయి.

సోడాలో కాగితం స్ట్రా వేస్తే నురగ పొంగడానికీ కారణం ఆ పీచులే. వాటి సందుల్లో చిక్కుకున్న గాలి చుట్టూ కార్బన్ డయాక్సైడ్ బుడగలు కడుతుంది. నున్నటి ప్లాస్టిక్ గోడ మీద అలాంటి సందులు తక్కువ.

నానకుండా చేయలేమా అంటే చేయవచ్చు. చొక్కా జేబులో మర్చిపోయి ఉతికిన నోటు ఆరేశాక మళ్లీ చెల్లుతుంది కదా. అది పత్తి పీచుతో తయారైన కాగితం, తడికి తట్టుకునేలా తయారుచేస్తారు. స్ట్రాకీ అలాంటి ఉపాయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 1888లో అమెరికాలో కాగితం స్ట్రాకి పేటెంట్ పొందిన మార్విన్ స్టోన్, కాగితానికి పారఫిన్ మైనం పట్టించి వాడాడు. కానీ తడికి ఎంత గట్టిగా నిలబడితే చెత్తకుప్పలో అంత నెమ్మదిగా కుళ్లుతుంది. ప్లాస్టిక్ పూత పూస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. రసాయనాల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. బెల్జియం పరిశోధకులు 39 బ్రాండ్ల స్ట్రాలను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. 20 కాగితం బ్రాండ్లలో 18 బ్రాండ్లలో పీఎఫ్ఏఎస్ రసాయనాలు (నీరు, నూనె అంటకుండా వాడే ఫ్లోరిన్ రసాయనాలు) కనిపించాయి. మోతాదులు తక్కువే, ఎప్పుడో ఒకసారి తాగితే భయపడాల్సిన పనిలేదు. కానీ ఇవి ప్రకృతిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కావు. ప్రకృతికి మేలు చేస్తుందని అమ్మే వస్తువులో అవి ఉండటం నాకు మాత్రం మింగుడుపడదు. ఆ పరీక్షలో ఇవి ఏమాత్రం కనిపించనివి స్టీలు స్ట్రాలు ఒక్కటే.

ఈ మధ్య కొన్ని ప్యాకెట్లకు పీఎల్ఏ స్ట్రాలు వస్తున్నాయి. మొక్కజొన్న పిండి, చెరకు చక్కెర లాంటివాటి నుంచి చేసే ప్లాస్టిక్ ఇది. చక్కగా గుచ్చుకుంటుంది, నానదు, పిల్లలు హాయిగా తాగుతారు. చిక్కల్లా ఇది త్వరగా కుళ్లాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి, తేమ, సూక్ష్మజీవులు కలిసి వారాల తరబడి ఉండాలి. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఆ వేడి ఉంటుంది, మోరీలో ఉండదు. అక్కడ పడిన పీఎల్ఏ స్ట్రా మామూలు ప్లాస్టిక్ లాగే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. కాగితం మోరీ సమస్య తీర్చి చేతికి సమస్య తెచ్చింది. పీఎల్ఏ చేతి సమస్య తీర్చి మోరీ సమస్యను తిరిగి తెచ్చింది.

పదార్థం మార్చకుండా ఆకారం మార్చిన ఉదాహరణ యూరప్‌లో ఉంది. 2024 జులై 3 నుంచి అక్కడ మూడు లీటర్ల లోపు ప్లాస్టిక్ డ్రింక్ బాటిళ్ల మూత సీసాకే అతుక్కుని ఉండాలి. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు మొదట్లో దీన్ని తిట్టుకునే ఉంటారు. తాగేటప్పుడు మూత ముక్కుకో చెంపకో తగులుతుంది, పోసేటప్పుడు ధారకు అడ్డం పడుతుంది. మూతను పూర్తిగా వెనక్కి వంచితే చాలా సీసాల్లో అది అక్కడే ఆగుతుంది, ఆ మాట సీసా మీద పెద్దగా రాసి ఉంటే సగం విసుగు తగ్గేది. ఇబ్బంది ఉన్నా ఈ మార్పు నాకు నచ్చింది. చిన్న ముక్క పెద్ద ముక్కను వదిలిపోకూడదన్న ఆలోచన సరైనది. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న త్రికోణాన్ని పూర్తిగా తెంచకుండా, ప్యాకెట్‌కే వేలాడేలా గాటు పెట్టమని చెప్పడం కూడా ఇదే ఆలోచన. ప్యాకెట్‌తో పాటు ఉంటే రీసైక్లింగ్‌కి పోతుంది, విడిగా పడితే ఎవరూ ఏరరు.

జ్యూస్ ప్యాకెట్‌కీ ఇలాగే ఆలోచించవచ్చు. గుచ్చడం, పీల్చడం అనే రెండు పనులూ కాగితం మీద ఎందుకు పెట్టాలి? చుక్క ఉన్న చోట వేలితో లాగి తెరిచే పట్టీ, అదీ ఊడిరాకుండా ఒక అంచున అతుక్కుని ఉండే పట్టీ పెడితే పిల్లలు నేరుగా తాగొచ్చు. స్ట్రా కావాలనుకున్నా కాగితం స్ట్రా గుచ్చాల్సిన పని లేకుండా లోపలికి దిగుతుంది. దీనికి ప్యాకెట్ నింపే యంత్రాల్లో మార్పులు కావాలి, ఖర్చవుతుంది. పది రూపాయల ధర దాటకూడదని పట్టుబట్టే వ్యాపారంలో ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నదే అసలు ప్రశ్న. నిషేధం నోటిఫికేషన్‌లో ఈ మార్పుకి ఒక గడువు, కొంత సాయం ఉండాల్సింది.

పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నవాళ్లకు మాత్రం ఇవేవీ సరిపోవు. వంగే స్ట్రాని 1930లలో జోసెఫ్ ఫ్రీడ్‌మన్ తయారుచేశాక దాన్ని ముందుగా కొన్నది ఆస్పత్రులే. పడుకున్న మనిషి గ్లాసు ఎత్తలేరు, నానిపోయే స్ట్రాతో గొంతులో పొలమారుతుంది, గట్టి స్టీలు స్ట్రా చేతులు వణికేవాళ్ల పళ్లకు, చిగుళ్లకు తగులుతుంది. ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరులో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించినప్పుడు మందుల షాపుల్లో అమ్మడానికి, హోటళ్లలో అడిగినవారికి ఇవ్వడానికి వీలు ఉంచారు. మన ఊళ్లలోనూ మందుల షాపుకెళ్లి అడిగితే అలాంటి స్ట్రా ఇబ్బంది లేకుండా దొరకాలి.