ఊయల ఊగితే ఓటీ అయిపోదు

"వారానికి ఎన్ని సెషన్లు వేయిస్తే మావాడికి తగ్గుతుందండీ?" ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకు రోజువారీ పనులు నేర్పే ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) సెంటర్లలో రోజూ వినబడే ప్రశ్న.

అపోహ: సెషన్లు ఎంత పెరిగితే అంత మేలు.

అప్పు చేసి మరీ రోజుకు రెండేసి సెషన్లు వేయిస్తున్నవాళ్లున్నారు. వాళ్ల కంగారులో తప్పు లేదు, దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లదే తప్పు.

వాస్తవం: ఊయల, ట్రాంపొలిన్, బాల్ పూల్ సాధనాలు మాత్రమే. ఇంట్లో పిల్లాడు నిక్కరు తొడుక్కుంటున్నాడా, ముద్ద కలుపుకుంటున్నాడా అన్నదే లెక్క. సెంటర్లో వచ్చిన పని ఇంట్లో దానంతటదే రాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ.

నిక్కరే చూడండి. ఒక సైజు పెద్దది, ఎలాస్టిక్‌ది, గుండీల్లేనిది కొనండి. పాదాలు నేలకు ఆనేలా పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లూ మీరే దూర్చండి. నిలబెట్టి తుంటి దాకా మీరే లాగండి. చివరి నాలుగు వేళ్ల మేర మాత్రం వాడికి వదలండి. సాయం వెనక నుంచి చేయాలి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. పిల్లలు ముందువైపే లాగుతారు, పట్టీ పిర్రల దగ్గర ఇరుక్కుంటుంది, అక్కడే ఏడుపు మొదలు. అందుకే ఒక చేతి బొటనవేలు వెనక పట్టీలోకి పెట్టించండి. వరసగా మూడు రోజులు సాయం లేకుండా లాగితే, తొడల దగ్గరే వదలండి. తర్వాత మోకాళ్ల దగ్గర. స్కూలు ఆటో హారన్ కొడుతుంటే ఇది సాగదు, సాయంత్రం స్నానమయ్యాక పెట్టుకోండి.

థెరపిస్టుని అడగాల్సింది సెషన్ల సంఖ్య కాదు, "మూడు నెలల్లో ఇంట్లో ఏ పని చేయగలుగుతాడు?" అని. "సెన్సరీ సెట్ అవుతుందండీ" (చప్పుడు, స్పర్శ లాంటివాటికి తట్టుకుంటాడని) అంటే అది జవాబు కాదు.

అపోహ: బరువు జాకెట్ (లోపల బరువులు పెట్టినది) వేస్తే కుదురుగా కూర్చుంటాడు.

దీనికి గట్టి ఆధారాల్లేవు. బరువు దుప్పటి విషయంలో ఇంకా జాగ్రత్త: 2008లో కెనడాలోని క్యుబెక్‌లో, స్కూల్లో బరువు దుప్పట్లో చుట్టిన ఆటిజం పిల్లాడొకడు చనిపోయాడు. పిల్లాడు తనంతట తాను తీసేసుకోలేనిది ఏదీ కప్పొద్దు. పసిపిల్లలకు అసలే వద్దు.

అపోహ: చేతులు ఆడించడం మాన్పించాలి.

దెబ్బ తగిలించుకోనంత వరకు అక్కర్లేదు. చాలామందికి అదే ఊరట.

అపోహ: ఓటీతో ఆటిజం పోతుంది.

పోదు. పోతుందన్నవాళ్లకు అడ్వాన్సు కట్టకండి.

అపోహ: పెద్దయ్యాక లాభం లేదు.

ఎవరన్నారు? ఇరవై ఏళ్లప్పుడూ బస్సెక్కడం, గడ్డం గీసుకోవడం, కుక్కర్ పెట్టడం ఇలాగే నేర్పుతాం, మెట్టు మెట్టుగా, చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు. కుక్కర్ అయితే వాళ్లకు వదిలే మొదటి పని, విజిళ్లు లెక్కపెట్టి స్టవ్ ఆపడం. విజిల్ మోత పడనివాళ్లకు రైస్ కుక్కర్ కొనండి.