ఎన్నికల ప్రచారంలో మాట మార్చడం: అపోహలు – వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో పనిచేస్తున్నాను. ఎన్నికలు వచ్చాయంటే 'నాడు – నేడు' బాక్సు నా మీద పడుతుంది. నాయకుడు అప్పుడేమన్నాడు, ఇప్పుడేమంటున్నాడు అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టే పని. అది చదివి ఫోన్ చేసేవాళ్లు, పెళ్లిళ్లలో పట్టుకుని అడిగేవాళ్లు చాలామంది. వాళ్ల మాటల్లో మళ్లీ మళ్లీ వినపడే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: మాట మారిందంటే అది ద్వంద్వ నీతే.

కాదు. మద్యం సంగతే చూడండి. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధం హామీ ఇచ్చారు, 1995లో అమలు చేశారు. 1997లో అదే పార్టీకి చెందిన చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఖజానాకు గండి పడుతోందని, నాటుసారా, దొంగ రవాణా పెరిగాయని చెప్పింది. ఆ కారణాలు మీకు నచ్చకపోవచ్చు, నిషేధం కోసం పోరాడిన ఆడవాళ్లకైతే అస్సలు నచ్చలేదు. అయినా ప్రభుత్వం తన నిర్ణయాన్ని జనం ముందు పెట్టి వాదించింది.

2019లో వైఎస్సార్‌సీపీ మ్యానిఫెస్టో దశలవారీగా మద్యనిషేధం చేస్తామంది, చివరికి ఫైవ్‌స్టార్ హోటళ్లకే పరిమితం చేస్తామంది. అధికారంలోకి వచ్చాక మద్యం మీద వచ్చే ఆదాయాన్నే ఆధారంగా చూపి మద్యం అమ్మే ప్రభుత్వ సంస్థ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా అప్పులు తెచ్చింది. అప్పు ఇచ్చేవాడికి కావాల్సింది అమ్మకాలు ఏళ్ల తరబడి సాగుతాయన్న భరోసా. ఓటరుకు ఇచ్చింది అమ్మకాలు ఆగుతాయన్న భరోసా. ఒకే కాలంలో ఇద్దరికి రెండు భరోసాలు ఇవ్వడాన్ని నేను ద్వంద్వ నీతి అంటాను. మాట మారడం కంటే ఇది చాలా పెద్ద తప్పు.

అపోహ: ఫిరాయింపుల విషయంలో ఫలానా పార్టీయే నీతి తప్పింది.

ఈ మాట అన్ని పార్టీల అభిమానులూ చెబుతారు, అందరూ ఎదుటి పార్టీ పేరే చెబుతారు. నా ఫైలులో ఉన్నది వరుసగా చెబుతాను.

2014లో తలసాని శ్రీనివాస్ యాదవ్ టీడీపీ టికెట్ మీద సనత్‌నగర్‌లో గెలిచారు. ఆ డిసెంబరులోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. తెలంగాణ టీడీపీ దాన్ని ప్రజాస్వామ్యానికి ద్రోహమంది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు టీడీపీ కండువా కప్పుకున్నారు. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. హైదరాబాద్‌లో తప్పయింది అమరావతిలో ఒప్పయిపోయింది.

2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌లో మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం విలీనానికి ఆ పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండు వంతులు కావాలి, లెక్క సరిగ్గా సరిపోయింది. కాంగ్రెస్ రోడ్డెక్కింది. 2023లో కాంగ్రెస్ గెలిచింది. తర్వాత పది మంది బీఆర్ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్ఎస్) ఎమ్మెల్యేలు అటు నడిచారు. ఈసారి రోడ్డెక్కడం, కోర్టుకెక్కడం బీఆర్ఎస్ వంతు. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, ఆ పది మంది అనర్హత ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది 2024 ఏప్రిల్. పార్టీ మారితే సభ్యత్వం దానంతట అదే రద్దయ్యేలా చట్టం సవరిస్తామని కాంగ్రెస్ జాతీయ మ్యానిఫెస్టోలో రాసింది. సరిగ్గా అప్పుడే ఖైరతాబాద్ నుంచి బీఆర్ఎస్ తరఫున గెలిచిన ఎమ్మెల్యే దానం నాగేందర్, ఆ పదవి వదలకుండానే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థిగా ప్రచారం చేస్తున్నారు. ఆ హామీ నాకు నిజంగా నచ్చింది. అందుకే అంత బాధ.

పార్టీ మారినవాళ్లు చెప్పే కారణం కూడా ఒక్కటే: 'నియోజకవర్గ అభివృద్ధి కోసమే'. ఇరవై రెండేళ్లలో ఈ ముక్క ఎన్నిసార్లు కంపోజ్ చేశామో లెక్కలేదు. ప్రతిపక్ష ఎమ్మెల్యేగా ఉంటే నియోజకవర్గానికి పైసా రాదని ఆ మాటకు అర్థం. అంత పెద్ద ఆరోపణ ఎవరి మీద చేస్తున్నారో వాళ్ల పార్టీలోనే చేరుతున్నారు!

అపోహ: నాయకులు పాత మాట మర్చిపోతారు.

మర్చిపోరు. కుర్చీ ఎటు ఉందో, పొత్తు ఎవరితో ఉందో మాట అటు తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా కథ మొత్తం ఇదే. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల హోదా ప్రకటించారు. ఐదేళ్లు చాలవు, పదేళ్లు కావాలని బీజేపీ తరఫున వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదా బదులు ప్యాకేజీ ప్రకటిస్తే, ఎన్డీఏలో ఉన్న టీడీపీ స్వాగతించింది. పవన్ కల్యాణ్ కాకినాడ సభలో ఆ ప్యాకేజీని పాచిపోయిన లడ్డూలన్నారు. 2018 మార్చిలో టీడీపీ ఎన్డీఏ నుంచి బయటికొచ్చింది, హోదా కోసం దీక్షలు మొదలయ్యాయి. ఎంపీలందరినీ ఇస్తే హోదా సాధిస్తామన్న జగన్‌కు 2019లో 22 మంది ఎంపీలు వచ్చారు. కేంద్రంలో బీజేపీకి సొంత మెజారిటీ వచ్చేసింది, అడుగుతూ ఉండటం తప్ప చేయగలిగింది లేదన్నారు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది. ఈసారి టీడీపీకి 16 మంది, జనసేనకు ఇద్దరు ఎంపీలున్నారు, మద్దతు అవసరం కేంద్రానికి ఉంది. హోదా మాట మాత్రం కూటమి సభల్లో మూలకు పోయింది.

ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ వరుసలో నేను ఎవరినీ మినహాయించలేకపోతున్నాను.

అపోహ: మ్యానిఫెస్టో హామీ తప్పితే కోర్టుకెళ్లొచ్చు.

ఆ దారి దాదాపు లేదు. మ్యానిఫెస్టోలో హామీలివ్వడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య కాదని 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి సూచించింది. దాంతో హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో పార్టీలు చెప్పాలన్న మాట ఎన్నికల నియమావళిలోకి వచ్చింది. ఏ మ్యానిఫెస్టోలోనైనా ఆ పేజీ వెతికి చూడండి.

అపోహ: పాత వీడియో దొరికితే దొంగ దొరికినట్టే.

దీనికి నా తప్పే ఉదాహరణ. ఒక ఎన్నికప్పుడు, రాత్రి ఎడిషన్ టైమ్ దగ్గరపడిన టెన్షన్‌లో, వాట్సాప్‌లో వచ్చిన 19 సెకన్ల క్లిప్ చూసి ఒక అభ్యర్థి పాత మాటను బాక్సులో పెట్టాను. మర్నాడు పూర్తి ప్రసంగం విన్నాను. ఆయన ప్రత్యర్థి మాటను అనుకరించి చెబుతున్నాడు, తర్వాతి వాక్యంలో దాన్ని ఖండించాడు. సవరణ వేశాం, లోపలి పేజీలో చిన్నగా. తప్పు మొదటి పేజీలో, దిద్దుబాటు ఎనిమిదో పేజీలో. ఆ అభ్యర్థికి నేను అన్యాయం చేశాను. అప్పటినుంచి పూర్తి వీడియో, తేదీ, ఆ రోజు ఆయన ఏ పదవిలో ఉన్నాడు, ఏ ప్రశ్నకు జవాబిస్తున్నాడు అన్నవి తెలియకుండా బాక్సు వదలను.

అపోహ: ఇవన్నీ మామూలు మనిషి తనిఖీ చేయలేడు.

చేయగలడు. పార్లమెంటు చర్చలు మాట పొల్లుపోకుండా రాజ్యసభ, లోక్‌సభ వెబ్‌సైట్లలో ఉంటాయి. అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైట్లో ఉంటాయి. ఒక్క మ్యానిఫెస్టోలే ఎన్నికయ్యాక పార్టీల సైట్లలోంచి మాయమవుతుంటాయి. అందుకే విడుదలైన రోజే డౌన్‌లోడ్ చేసి, ప్రింటు తీసి, తేదీ వేసి బీరువాలో పెడతాను. అందరి మ్యానిఫెస్టోలూ. నేను ఓటు వేసిన పార్టీది ముందు పెడతాను.