జలుబు తగ్గాక గొంతునొప్పి: ఆ మూడు మాత్రలు ఎవరికి?

"జలుబు తగ్గింది, గొంతు మాత్రం మండుతోంది. మూడు రోజులు అజిత్రోమైసిన్ వేశాను. ఇంకా పవరున్నది రాయండి డాక్టరు గారూ." చలికాలంలో మా ఓపీలో ఈ మాట వినని పూట ఉండదు.

అపోహ: గొంతునొప్పికి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పడాల్సిందే.

వాస్తవం: జలుబు వెంట వచ్చే గొంతునొప్పి చాలావరకు వైరస్ పనే. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. జలుబు తగ్గిందనుకున్నాక కూడా ముక్కు వెనక నుంచి శ్లేష్మం గొంతులోకి జారుతూనే ఉంటుంది. విశాఖ గాలిలో తేమ ఎంత ఉన్నా, ముక్కు దిబ్బడతో ఏసీ గదిలో నోరు తెరిచి నిద్రపోతే తెల్లారేసరికి గొంతు పచ్చిపుండులా ఉంటుంది. సాధారణంగా వారంలో నొప్పి పోతుంది. దగ్గు 3 వారాల దాకా సాగవచ్చు. తగ్గే రోజున తగ్గితే పేరు మాత్రకు వస్తుంది, మళ్లీ జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ చీటీ లేకుండా అదే కొంటారు. విరేచనాలు, దద్దుర్లు ఒక నష్టం. నిజంగా అవసరమైన రోజున మందు లొంగదీయలేని బ్యాక్టీరియా తయారవడం అసలు నష్టం. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే దీని గురించి హెచ్చరించాడు.

మరి ఎవరికి కావాలి? స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకినవారికి. ఇది 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లని చీము, దవడ కింద ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు ఉండి, దగ్గు లేకపోతే అనుమానించి పరీక్ష చేస్తాం. పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ రాస్తే సాధారణంగా 10 రోజుల కోర్సు. గాజువాక నుంచి వచ్చిన ఒక తల్లి జ్వరం దిగగానే పెద్దవాడికి మందు ఆపేసి, మిగిలిన మాత్రలు జలుబు చేసిన చిన్నవాడికి వేస్తోంది. మందు ఎక్కువైతే వేడి చేస్తుందని ఆమె భయం. ఆ భయం బిడ్డ మీద ప్రేమే, తప్పుపట్టలేను. కానీ కోర్సు సగంలో ఆపితే కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు జీవితాంతం దెబ్బతినే ప్రమాదం ఉంటుందని వివరించాను.

మిగతా అపోహలు త్వరగా చెబుతాను. చీమిడి పచ్చగా మారితే బ్యాక్టీరియా అనుకోనక్కరలేదు. ఐస్‌క్రీం వల్ల జలుబు రాదు. పిల్లలకు ఆవిరి పట్టకండి, మరిగే నీళ్లు మీద పడి కాలిన పిల్లలను చూశాను. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం, పారాసిటమాల్, తేనె చాలు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు.

ఉమ్మి మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి రండి. గొంతు బొంగురు 3 వారాలు దాటితే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించుకోండి. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని) తాగే మా ఉత్తరాంధ్ర అమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాను: అంగిట్లో మానని పుండును జలుబు ఖాతాలో వేసి ఊరుకోకండి.