ఫర్నేసే ప్యాలెస్: ఇల్లు ఇటలీది, కాపురం ఫ్రాన్స్‌ది

రోమ్‌లోని పలాజ్జో ఫర్నేసేను ఫ్రాన్స్‌కు ఇచ్చిన 99 ఏళ్ల లీజు 2035లో ముగుస్తుంది. ఆ ఏడాది దగ్గరపడే కొద్దీ పాత ప్రశ్న మళ్లీ పైకి వస్తోంది. ఆ భవనంలో ఎవరుండాలి? 2019 ఫిబ్రవరిలో ఇటలీతో మాట చెడి ఫ్రాన్స్ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. ఆయన కార్యాలయం ఈ భవనమే.

ఈ భవనం కట్టించిన అలెస్సాండ్రో ఫర్నేసే మూడో పాల్ పేరుతో పోప్ కావడం, దాని వాస్తుశిల్పి సాంగల్లో అనే ఆయన 1546లో చనిపోయాక మైకెలాంజెలో వచ్చి ఆ బరువైన చూరు పెట్టడం చాలామందికి తెలిసిన కథే. ఇప్పటి తగాదాకు మూలం మాత్రం 1936లో ఉంది.

ఫ్రాన్స్ 1874 నుంచి అక్కడ అద్దెకుంది. ఫర్నేసేల ఆస్తి దక్కిన నేపుల్స్ రాజవంశం బూర్బన్‌ల వారసుల దగ్గర 1911లో భవనాన్ని కొనేసింది. తిరిగి కొనుక్కునే హక్కును ఇటలీ తన దగ్గర ఉంచుకుంది, ముస్సోలినీ ప్రభుత్వం 1936లో దాన్ని వాడుకుంది. అలా భవనం ఇటలీ సొంతమైంది, కానీ నామమాత్రపు అద్దెకు మళ్లీ ఫ్రాన్స్ చేతికే వెళ్లింది. బదులుగా పారిస్‌లో వరెన్ వీధిలోని ఒక పెద్ద భవనం అలాంటి షరతులతోనే ఇటలీ రాయబార కార్యాలయానికి దక్కింది. మన కుండమార్పిడి సంబంధాల లాంటిదే ఇది. ఒకవైపు తెంచితే రెండోవైపు కూడా కదులుతుంది. "ఖాళీ చేయించండి" అని అడిగేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఫ్రాన్స్ మాట ఒక్కటే: 150 ఏళ్లుగా ఇక్కడ ఉన్నాం, బాగు చేసుకుంటూ వచ్చాం, మా పరిశోధనా సంస్థ, దాని లైబ్రరీ ఇక్కడే ఉన్నాయి.

రోమ్ ప్రజల బాధ అంతకన్నా పాతది. 1731లో ఫర్నేసేల మగ సంతతి ఆగిపోయింది. స్పెయిన్ రాణి అయిన ఆ ఇంటి ఆడపడుచు ఎలిసబెత్తా కొడుకు కార్లోకు ఆస్తి దక్కింది. ఆయన నేపుల్స్ రాజయ్యాడు. రోమ్‌లోని ప్రాచీన కరకల్లా స్నానశాలల తవ్వకాల్లో దొరికిన హెర్క్యులెస్ విగ్రహాన్ని, ఎద్దు శిల్పాన్ని ఆయన కొడుకు ఫెర్డినాండ్ నేపుల్స్‌కు తరలించాడు. అవి నేటికీ అక్కడి పురావస్తు మ్యూజియంలోనే ఉన్నాయి. ఎత్తుకెళ్లడానికి వీల్లేక మిగిలింది గోడలూ కప్పులూ. అందులోనే ఉంది అన్నిబాలే కరాచ్చి 1597లో మొదలుపెట్టి, అన్న అగొస్తినో సాయంతో చిత్రించిన గ్యాలరీ. పొడవు 20 మీటర్లు, కప్పు నిండా దేవతల ప్రేమకథలు. సిస్టైన్ చాపెల్ కప్పు పక్కన నిలబెట్టదగిన పని అది. తమ ఊళ్లోనే, తమ ప్రభుత్వ భవనంలోనే ఉన్న ఈ కప్పును చూడాలంటే రోమ్ మనిషి ముందుగా గైడెడ్ టూర్ బుక్ చేసుకుని, గుర్తింపు కార్డు పట్టుకుని రావాలి. భద్రత కోసమే అంటారు. రాయబార కార్యాలయం ఉన్నచోట అది తప్పదు కూడా. అందుకే నాకు 2035లో ఎవరు కాపురం ఉంటారన్నది రెండో ప్రశ్న. వారంలో ఎన్ని రోజులు తలుపు తెరుస్తారన్నది కొత్త ఒప్పందం మొదటి పేజీలోనే ఉండాలి. అలాంటి షరతే పారిస్ భవనానికీ పెట్టమని ఫ్రాన్స్ అడిగితే, ఇటలీ కాదనకూడదు.