తువ్వాలు కింద బేరం

విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు నడిపే ఒకాయన ఈమధ్య నన్ను నిలదీశారు. "మా సైట్లో ఫొటోలూ ఫోన్ నంబరూ తప్ప ఏం లేవండీ. డబ్బు కట్టించుకోం. మరి బ్రౌజర్ 'నాట్ సెక్యూర్' అని ఎందుకు చూపిస్తోంది?"

ఆయన అనుమానానికి ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో వెబ్‌ను తయారుచేసింది పరిశోధకులు కాగితాలు పంచుకోవడానికి. దాచేదేముంది? పేజీలన్నీ పోస్టుకార్డుల్లా తిరిగేవి. నెట్‌లో అమ్మకాలు మొదలయ్యాక కార్డు నంబర్ల కోసం బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1995లో ఎస్ఎస్ఎల్ తెచ్చింది. సైటుకీ చూసేవాడికీ మధ్య నడిచే సమాచారాన్ని మూడోవాడు చదవకుండా వేసే తాళం అది. తాళం గల్లాపెట్టెకే అన్న అలవాటు అక్కడే పడింది. ఆ తాళం వేయాలంటే సైటుకు కావాల్సిన సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి కాబట్టి చిన్నవాళ్లు అటు చూడలేదు.

ఆ అలవాటు ఎంత ప్రమాదమో 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ చూపించారు. ఆయన వదిలిన ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాముతో, ఎవరైనా చేరగల వైఫైలో పక్కవాడి ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్కుతో దూరిపోవచ్చు. పాస్‌వర్డ్ భద్రంగానే వెళ్లేది. లాగిన్ అయ్యాక గుర్తుచీటీలా తిరిగే కుకీ మాత్రం బట్టబయలు. 2013లో అమెరికా ప్రభుత్వ నిఘాను బయటపెట్టిన స్నోడెన్ పత్రాలు వచ్చాక పెద్ద కంపెనీలూ మేల్కొన్నాయి. అసలు మలుపు నా లెక్కలో 2015 డిసెంబరు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచిత సర్టిఫికెట్లు అందరికీ తెరిచింది. ఇక ఖర్చన్న సాకు పోయింది. 2018 జులైలో క్రోమ్, తాళం లేని ప్రతి సైటు మీదా 'నాట్ సెక్యూర్' ముద్ర కొట్టడం మొదలెట్టింది.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆడే బేరం గుర్తుందా? ఎవరితో ఎవరు బేరమాడుతున్నారో సంతంతా చూస్తుంది, ధర మాత్రం వాళ్లిద్దరికే. సైటు అడ్రసు మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, అంటే ఈ తాళం వేసిన దారి, దాదాపు అంతే. మీరు వెళ్లిన సైటు పేరు మధ్యవాళ్లకు తెలియవచ్చు, అక్కడ చదివింది తెలియదు. చీరల కొట్టాయనకు ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. తాళం లేకపోతే మధ్యవాడు చదవడమే కాదు, దిద్దగలడు కూడా. బస్టాండులో ఎవడో పెట్టిన వైఫై మీద మీ పేజీ తెరిస్తే అందులో వాడి ప్రకటన దూరొచ్చు, మీ ఫోన్ నంబరు స్థానంలో వాడిది కనిపించొచ్చు.

అలాగని తాళం ఉన్న కొట్టల్లా నిజాయితీ కొట్టు కాదు. మోసగాడికీ ఉచిత సర్టిఫికెట్ దొరుకుతుంది. జనం అడ్రసు పక్కన తాళం బొమ్మను చూసి నమ్మేస్తున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.