కొండలు, క్లారినెట్లు: విండ్ ఆర్కెస్ట్రా మీద అపోహలు - వాస్తవాలు

మ్యూనిక్‌కు దక్షిణాన ఒక చిన్న పట్టణంలో ఉంటాను. పదకొండేళ్లుగా ఇక్కడి సింఫనిక్ విండ్ ఆర్కెస్ట్రాలో, అంటే వయొలిన్లు లేకుండా ఊదే వాద్యాలే ప్రధానంగా ఉండే బృందంలో, క్లారినెట్ వాయిస్తున్నాను. మబ్బు లేని రోజున మా సాధన గది కిటికీలోంచి ఆల్ప్స్ కనిపిస్తాయి. ఈ ఏడాది మా కచేరీ అంతా కొండల సంగీతమే: ముసోర్గ్‌స్కీ ‘బోడికొండ మీద ఒక రాత్రి’, గ్రీగ్ ‘పేర్ గింట్’లోని భాగాలు, చివర రిచర్డ్ స్ట్రౌస్ ‘ఆల్పైన్ సింఫనీ’ నుంచి కొన్ని ఘట్టాలు. ఈ మాట చెప్పగానే హైదరాబాద్‌లోని మా బంధువులు ఒక రకం ప్రశ్నలు వేస్తారు, ఇక్కడ వయొలిన్ వాయించే మిత్రులు మరో రకం ప్రశ్నలు వేస్తారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: విండ్ ఆర్కెస్ట్రా అంటే పెళ్లి బ్యాండు మేళానికి పెద్ద రూపం.

చుట్టరికం ఉన్న మాట నిజం. మన ఊళ్ల బ్యాండు మేళాల్లోని క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం యూరప్ సైనిక బ్యాండ్ల దారిలోనే మన దగ్గరికి వచ్చాయి. మా ఆర్కెస్ట్రా పుట్టిందీ ఆ ఇంట్లోనే. ఎండలో నడుస్తూ, ఊరేగింపు పొడవునా ఆగకుండా క్లారినెట్ వాయించడానికి ఎంత ఊపిరి కావాలో తెలిసినవాడిని కాబట్టి ఆ పోలిక నాకు గౌరవంగానే తోస్తుంది. తేడా చేసే పనిలో ఉంది. మేము అరవై మందికి పైగా కూర్చుని, కండక్టర్ చేతి కదలికను చూస్తూ, ఒక్కొక్కరం వేర్వేరు స్వరలిపి ముందు పెట్టుకుని వాయిస్తాం. క్లారినెట్లే మూడు వరుసలుగా విడిపోతాయి. పైన చిన్న ఇ-ఫ్లాట్ క్లారినెట్, కింద బాస్ క్లారినెట్ వేరే. ఫ్లూట్లు, ఓబోలు, బసూన్లు, శాక్సఫోన్లు, హార్న్‌లు, ట్రాంబోన్లు, ట్యూబాలు, తాళవాద్యాలు, వాటి మధ్య తరచూ ఒక్క డబుల్ బాస్ ఉంటాయి. ఈ కూర్పు కోసమే రాసిన గొప్ప సంగీతం ఉంది. బెర్లియోజ్ 1840లో ఒక పూర్తి సింఫనీని సైనిక బ్యాండు కోసం రాశాడు. 1909 నాటి హోల్స్ట్ మొదటి సూట్ మాకు పాఠ్యగ్రంథం లాంటిది. 1952లో అమెరికాలో ఫ్రెడరిక్ ఫెన్నెల్ ఈస్ట్‌మన్ విండ్ ఎన్‌సెంబుల్ నెలకొల్పి, ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే పద్ధతిని నిలబెట్టాడు.

అపోహ: వయొలిన్లు తీసేస్తే ఈ సంగీతంలో ప్రాణం పోతుంది. విండ్ ఆర్కెస్ట్రా వాయించేది నకలు మాత్రమే.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

రొమాంటిక్ యుగపు స్వరకర్తలు కొండను తలచుకున్నప్పుడల్లా చేయి చాచింది ఊదే వాద్యాల వైపే. కారణం సులువు. కొండల్లో మనుషులు దూరాన ఉన్న మరొకరిని పిలిచింది ఊది. వేటగాడి కొమ్ము, పశువుల కాపరి గొట్టం, పొడవాటి కర్ర కొమ్మైన ఆల్ప్‌హార్న్ అన్నీ ఊపిరితో పలికేవే. రొసీనీ 1829లో ‘విలియం టెల్’ ఒపెరా ఆరంభ సంగీతంలో (ఓవర్చర్‌లో) పశువుల కాపరుల పాటను ఇంగ్లిష్ హార్న్‌కు ఇచ్చాడు. 1868 సెప్టెంబరులో బ్రామ్స్ స్విట్జర్లాండ్ నుంచి తన మిత్రురాలు, పియానో వాద్యకారిణి క్లారా షూమన్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలుగా ఒక ఆల్ప్‌హార్న్ వరుస రాసి పంపాడు. ఏళ్ల తరువాత అదే వరుస ఆయన మొదటి సింఫనీ చివరి భాగంలో హార్న్ మీద మళ్లీ వినిపించింది. ‘ఆల్పైన్ సింఫనీ’లో స్ట్రౌస్ అడిగిన హార్న్‌లు ఇరవై. వాటిలో పన్నెండు వేదిక వెనుక, కనిపించకుండా, దూరాన పోతున్న వేటగాళ్ల బృందంలా మోగాలి. స్ట్రౌస్ తండ్రి ఫ్రాంజ్ మ్యూనిక్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో పేరుమోసిన హార్న్ వాద్యకారుడు. కొడుకు పదిహేడేళ్ల వయసులో పదమూడు ఊదే వాద్యాల కోసం సెరనేడ్ రాశాడు. ఎనభై దాటాక, యుద్ధం నడుస్తుండగా, మళ్లీ పదహారు వాద్యాలతో అవే ఊపిరుల దగ్గరికి వచ్చాడు.

ఇక ‘అసలు’ ఏది, ‘నకలు’ ఏది అన్న ప్రశ్న. ముసోర్గ్‌స్కీ 1867లో రాసిన బోడికొండ స్వరరచనను ఆయనకు గురువులాంటి బాలకిరెవ్ ఒప్పుకోలేదు. ముసోర్గ్‌స్కీ బతికుండగా అది వేదిక ఎక్కనే లేదు. ఆయన చనిపోయాక 1886లో మిత్రుడు, స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన పద్ధతిలో తిరగరాశాడు. లోకం ఇన్నాళ్లూ ఎక్కువగా విన్నది ఆ తిరగరాతనే. ముసోర్గ్‌స్కీ సొంత ప్రతి 1968లో గానీ అచ్చు కాలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1873 నుంచి 1884 దాకా రష్యా నౌకాదళ బ్యాండ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. ఆ రోజుల్లో ఊదే వాద్యాలను స్వయంగా చేతబట్టి నేర్చుకున్నాడు, బ్యాండు తోడుగా క్లారినెట్‌కు, ట్రాంబోన్‌కు రచనలు చేశాడు. ఆ చేతి పనితనం బోడికొండ చివరలో తెలుస్తుంది. భూతాల గోల ముగిసి, చర్చి గంట మోగి, తెల్లవారుతుంటే ముందు క్లారినెట్ ఒంటరిగా పాడుతుంది, తరువాత ఫ్లూటు అందుకుంటుంది. తంత్రీ వాద్యాలు కూడా ఉండే ఆర్కెస్ట్రాలో ఉన్నా, మా విండ్ ఆర్కెస్ట్రాలో ఉన్నా ఆ చోట ఊదేది క్లారినెట్ వాద్యకారుడే.

అలాగని మాకు ఏ నష్టమూ లేదని అంటే అబద్ధమవుతుంది. బోడికొండ మొదట్లో వయొలిన్లు సుడిగాలిలా తిరిగే త్రయాలు వాయిస్తాయి. కమాను విల్లుకు అది సహజం. నాలుకతో రీడ్‌ను (నోట్లో అదిరే రెల్లు పలకను) తాకుతూ ఆ వేగం అందుకోవడానికి మాకు నెలలు పట్టింది. గ్రీగ్ ‘కొండరాజు కొలువు’ మొదట్లో చెల్లో, డబుల్ బాస్‌లను వేలితో మీటే చప్పుడు బాస్ క్లారినెట్ మీద ఎంత పొట్టిగా ఊదినా కాస్త గుండ్రంగానే వస్తుంది. స్ట్రౌస్ సూర్యాస్తమయంలో వయొలిన్లు పైస్థాయిలో సాగదీసే పొడవాటి పలుకుకు సాటివచ్చే రంగు మా దగ్గర లేదు. దానిని వాయించవద్దని ఈ ఏడాది మా కండక్టర్‌తో వాదించినవాళ్లలో నేనూ ఒకడిని.

అపోహ: ఊపిరి మధ్యలో తెగుతుంది కాబట్టి పొడవాటి స్వరాలు ఊదే వాద్యాలకు కుదరవు.

‘ఆల్పైన్ సింఫనీ’ రాత్రితో మొదలవుతుంది. బి-ఫ్లాట్ మైనర్ స్వరాలు పైనుంచి కిందికి మెల్లగా దిగుతాయి. మన చెవికి అది అచ్చంగా నటభైరవి అవరోహణ. వింత ఏమిటంటే, దిగిన ఏ స్వరమూ ఆగిపోదు. ఒక్కొక్కటి అలాగే నిలిచి, చివరికి ఏడు స్వరాలూ ఒకేసారి మోగుతూ చీకటి కమ్ముకుంటుంది. స్ట్రౌస్ దీనిని ఎక్కువగా తంత్రీ వాద్యాలకు రాశాడు. మా దగ్గర అది క్లారినెట్ల పని. ఊపిరిని పంచుకోవడమే కిటుకు. పక్కనున్నవారు గాలి పీల్చే క్షణంలో నేను పీల్చకూడదు. స్వరం మారే చోట అసలు పీల్చకూడదు. మెత్తగా వదిలి మెత్తగా కలవాలి. మా వరుసలో ఎవరు ఏ గడిలో పీల్చాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాం. సన్నాయి మేళంలో శ్రుతి పట్టే ఒత్తు వాద్యకారుడు బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీలుస్తూ స్వరాన్ని ఒంటరిగా ఆపకుండా నిలబెడతాడు. మేము అదే పనిని పదిమందిమి కలిసి చేస్తాం.

ఈ ఇబ్బంది స్ట్రౌస్‌కూ తెలుసు. కాలితో తొక్కే తిత్తి నుంచి గొట్టం ద్వారా వాద్యకారుడి నోటికి గాలి అందించే ‘ఏరోఫోర్’ అనే పరికరాన్ని వాడమని స్వరలిపిలోనే సూచించాడు. ఇప్పుడు దాని జోలికి ఎవరూ పోవడం లేదు.

అపోహ: ఎత్తు పెరిగితే గాలి పలుచబడి శ్రుతి తగ్గుతుంది.

శ్రుతి తగ్గేది చలి వల్ల. గొట్టంలో పలికే స్వరం గాలిలో ధ్వని వేగం మీద ఆధారపడుతుంది. ఎత్తుకు పోతే గాలి పీడనం, సాంద్రత రెండూ కలిసే తగ్గుతాయి కాబట్టి ఆ వేగం మారదు. ఉష్ణోగ్రత మారితే మాత్రం మారుతుంది. లెక్క ప్రకారం ఒక్క డిగ్రీకి సుమారు 3 సెంట్లు. అర స్వరానికి వంద సెంట్లు. పదిహేను డిగ్రీలు పడిపోతే దాదాపు పావు స్వరం జారినట్టే. లోపలి గాలిని మన ఊపిరి వేడెక్కిస్తుంది కాబట్టి నిజంలో అంత పడదు. అయినా ఆరుబయట సాయంత్రం కచేరీలో సూర్యుడు కొండ వెనక్కి వెళ్లగానే తేడా చెవికి తెలుస్తుంది. మెటల్ పలకల గ్లాకెన్‌ష్పీల్ దాదాపు అక్కడే నిలబడి ఉంటుంది, మేమందరం కిందికి జారుతుంటాం. అసలు ప్రమాదం శ్రుతి కంటే కర్రకు. చల్లగా ఉన్న నల్లకర్ర క్లారినెట్‌లోకి వెచ్చని ఊపిరి ఒక్కసారిగా పోతే కర్ర పగులుతుంది. ఒక అక్టోబరు సాయంత్రం నా వాద్యం పైభాగం అలాగే చీలింది. అప్పటి నుంచి ఊదే ముందు పది నిమిషాలు దానిని కోటు లోపల పెట్టుకుంటాను.

అపోహ: గ్రీగ్ ‘ఉదయం’ నార్వే కొండల మీద సూర్యోదయం.

ఇబ్సెన్ ‘పేర్ గింట్’ నాటకంలో ఆ సంగీతం వచ్చేది నాలుగో అంకం మొదట్లో. కథ అప్పటికి మొరాకో తీరానికి చేరింది. నార్వే కొండ కావాలంటే ‘కొండరాజు కొలువు’ ఉంది, అదీ కొండ లోపల. ఆ ముక్క మీద గ్రీగ్‌కు ఇష్టం లేదు. దానిలో ఆవుపేడ వాసన వస్తోందని మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఈ విషయంలో నేను గ్రీగ్‌తో ఏకీభవించను.

అపోహ: ఆల్ప్‌హార్న్ కర్రతో చేస్తారు కాబట్టి అది క్లారినెట్ జాతి.

కర్రతో చేసినా దానికి రీడ్ లేదు. పెదవుల అదురుతో పలుకుతుంది కాబట్టి ట్రంపెట్, ట్రాంబోన్ కుటుంబానికి చెందింది. మూడున్నర మీటర్ల పొడవుంటుంది, రంధ్రాలు ఉండవు, మీటలు ఉండవు. ప్రకృతి ఇచ్చిన ఉపస్వరాలే దిక్కు. వాటిలో పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ సరిగ్గా నడుమ పడుతుంది. పియానోకు అలవాటుపడిన చెవి దానిని అపశ్రుతి అంటుంది. గమకాలు విని పెరిగిన మనకు అంత ఇబ్బంది అనిపించదు.

అపోహ: ‘ఆల్పైన్ సింఫనీ’ కొండ యాత్రకు గీసిన బొమ్మ. గాలి యంత్రం, ఉరుము రేకు, ఆవు గంటలు తప్ప ఏమీ లేదు.

గంటలు నిజమైనవే, గాలి యంత్రమూ ఉంది. పీపాకు బిగించిన కర్రబద్దల మీద గుడ్డ రాసుకునేలా తిప్పితే ఈదురుగాలి హోరు వస్తుంది. రచనకు పునాది కూడా నిజమైన యాత్రే. 1879లో పదిహేనేళ్ల స్ట్రౌస్ ఇక్కడికి దగ్గరలోని హైమ్‌గార్టెన్ కొండ ఎక్కాడు. అది సుమారు 1,790 మీటర్లు. దారి తప్పి, తుఫానులో తడిసి దిగాడు. మరునాడు ఆ అనుభవాన్ని పియానో మీద వాయించి చూపాడు. ఆ అబ్బాయి ముప్పై ఆరేళ్ల తరువాత 1915 అక్టోబరు 28న బెర్లిన్‌లో ఈ రచనకు తొలి ప్రదర్శన ఇచ్చాడు. 22 ఘట్టాలు, ఆపకుండా యాభై నిమిషాలు.

ఆ మధ్యకాలంలో జరిగింది కూడా లెక్కలోకి రావాలి. 1911లో స్వరకర్త మాలర్ మరణం స్ట్రౌస్‌ను కుదిపేసింది. ఈ సింఫనీకి తత్త్వవేత్త నీషే పుస్తకం మీదుగా ‘యాంటీక్రైస్ట్’ అని పేరు పెట్టాలని ఆ రోజుల్లో డైరీలో రాసుకున్నాడు. మనిషి తన బలంతో, తన పనితో, ప్రకృతిని ఆరాధిస్తూ విముక్తి పొందాలని ఆయన నమ్మకం.

శిఖరం దగ్గరికి వచ్చేసరికి ఇదంతా సంగీతంలో వినిపిస్తుంది. ట్రాంబోన్లు శిఖరాన్ని ప్రకటిస్తాయి. వెంటనే అందరం కలిసి విరుచుకుపడతామని మొదటిసారి వినేవారు ఎదురుచూస్తారు. అప్పుడు ఒక్క ఓబో, తడబడుతూ, మాట వెతుక్కుంటున్నట్టు పాడుతుంది. పైకి చేరిన మనిషికి నోట మాట రాని క్షణం అది. మా ఓబో వాద్యకారిణి ఉద్యోగరీత్యా నర్సు. ఆమె ఆ పలుకును సాధన గదిలో రెండుసార్లు ఒకేలా వాయించగా నేను వినలేదు. ఆ సమయంలో క్లారినెట్ల వరుస అడుగున సన్నగా వణుకుతూ ఉండాలి. స్ట్రౌస్ ఆ వణుకును వయొలిన్లకు రాశాడు. మేము రెండు స్వరాల మధ్య అతి మెల్లగా ఊగుతూ, ఆమె కంటే ముందు గాలి పీల్చకుండా, ఆమె ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చుంటాం.